రొయ్యల తొట్టెకు హీటరెందుకు?

పిల్లలూ! చిన్న గాజు తొట్టెలో చిట్టి రొయ్యలను పెంచాలంటే హీటరు కొనాలని కొందరంటారు. చలి దేశాల్లో అది అవసరమే. కాని గోదావరి ఒడ్డున ఉన్న దుమ్ముగూడెంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ రొయ్యకు అసలు ముప్పు వేడే!

ఎందుకంటే, నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. లీటరు నీటిలో 20 డిగ్రీల వద్ద సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నరే. రొయ్యకేమో వేడిలోనే ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ఏటిలోని రొయ్య లోతుకు పోయి తప్పించుకోగలదు. మరి తొట్టెలోది ఎక్కడికి పోతుంది?

కనుక హీటరుకు పెట్టే డబ్బుతో ముందు థర్మామీటరు కొనండి. తొట్టెను నీడలో, గాలి తగిలేచోట ఉంచి, చుట్టూ తడిగుడ్డ కట్టండి. కుండలో నీరు చల్లబడేదీ ఈ సూత్రంతోనే. పెంచుకుందామని తెచ్చిన ప్రాణిని ఉడికించకూడదు కదా!