ఇళ్ళు కాదు, ద్రాక్ష తీగ మొదలు చూడండి



ఈ వీడియోలోని ఊరి పేరు ఎగిషైమ్. ఫ్రాన్సుకి తూర్పు అంచున, జర్మనీ సరిహద్దుకి దగ్గర్లో, ఆల్సాస్ అనే ప్రాంతంలో ఉంది. కోల్మార్ పట్నం నుంచి ఆరేడు కిలోమీటర్లు. జనాభా రెండు వేల లోపే. 2013లో ఫ్రాన్సు టీవీ ప్రేక్షకులు తమకు బాగా నచ్చిన పల్లెగా దీన్నే ఎన్నుకున్నారు. వీధులు చాప చుట్టినట్టు గుండ్రంగా ఉంటాయి. రంగుల ఇళ్ళు, కిటికీల్లో పూలు, కప్పుల మీద స్టార్క్ అనే పెద్ద తెల్ల కొంగల గూళ్ళు. చూసినవాళ్ళెవరైనా "అబ్బ, ఎంత బాగుందో" అంటారు. బాగానే ఉంది, కాదనను. కానీ మనం రైతులం. మన కళ్ళు ఇళ్ళ దగ్గరే ఆగిపోతే ఏం లాభం?

ఊరు దాటితే ద్రాక్ష తోటల మధ్య నడక బాట మొదలవుతుంది. తోటల వాలు ఎక్కి, అడవిలోకి దూరి, దాదాపు 590 మీటర్ల ఎత్తున పాడుబడ్డ మూడు కోటల దాకా నడిచి వెళ్ళొచ్చు. అక్కడి కొండ బాటలకి గుర్తులు పెట్టి కాపాడేది 1872లో పుట్టిన వోజ్ క్లబ్ అనే సంఘం. పనిచేసేది ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే. ఆ మూడు కోటల్ని 1466లో తగలబెట్టారు. ఒక మిల్లు పనివాడికి రావాల్సిన ఆరు చిన్న నాణేల దగ్గర మొదలైన గొడవ చివరికి యుద్ధమైంది. దాన్ని ఆరు నాణేల యుద్ధం అనే పిలుస్తారు. కూలి బాకీ పెట్టేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన కథ.

ఇక ఆ బాటలో మీరు చూడాల్సింది ద్రాక్ష తీగ మొదలు. అక్కడ మూడు రకాల నేల కనిపిస్తుంది. ఒక తోటలో సాలుకీ సాలుకీ మధ్య గడ్డి, పిల్లిపెసర జాతి మొక్కలు, పూల మొక్కలు కలిసి మోకాలెత్తు పెరిగి ఉంటాయి. ఇంకో తోటలో ఒక సాలు దున్ని, ఒక సాలు పచ్చగా వదిలేస్తారు. మూడో తోటలో మధ్యలో గడ్డి ఉన్నా, తీగల మొదళ్ళ వెంట పసుపు, గోధుమ రంగుల్లో మాడిన పట్టీ కనిపిస్తుంది. అది కలుపు మందు పని. వసంత కాలంలో వెళ్తే ఇది దూరం నుంచే తెలుస్తుంది. సీసా మీద చీటీ చదవక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. పక్కపక్కన ఉన్న రెండు తోటలే అన్నీ చెప్పేస్తాయి.

నేను చెప్పదలచుకున్నది ఇదే. చేను మధ్య నుంచి నలుగురూ నడిచే బాట ఉంటే, అంతకు మించిన సర్టిఫికెట్ లేదు.

ఆల్సాస్‌ని నెత్తిన పెట్టుకోమని అనడం లేదు. అక్కడి లోపాలూ చూడాలి. ఎగిషైమ్‌లో పేరున్న తోటల వాలులు రెండు. ఒకటి ఐష్‌బెర్గ్, అంటే ఓక్ చెట్ల కొండ. రెండోది ఫెర్సిగ్‌బెర్గ్, అంటే పీచ్ పండ్ల కొండ. పేర్లలో చెట్లున్నాయి, వాలు మీద మాత్రం వరసగా ద్రాక్షే. ఒకే పంట అలా పరుచుకుంటే తెగులు రాక ఏం చేస్తుంది? సేంద్రియ రైతులు కూడా బూజు తెగులుకి రాగి మందు కొడతారు. మనం వాడే బోర్డో మిశ్రమం, అదే మైలుతుత్తం, సున్నం కలిపేది, 1880ల్లో ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్ష తోటల నుంచే వచ్చింది. రాగి నేలలో పేరుకుపోతుంది, వానపాములకి మంచిది కాదు. అందుకే యూరప్‌లో ఏడేళ్ళకి కలిపి హెక్టారుకి 28 కిలోల రాగి దాటకూడదని పరిమితి పెట్టారు. సేంద్రియం అన్న మాటతోనే అన్నీ తీరిపోవు అనడానికి ఇదే సాక్ష్యం.

కొంగల సంగతీ అంతే. 1974లో ఆల్సాస్ మొత్తం మీద తొమ్మిది జంటలే మిగిలాయి. తర్వాత పెంపక కేంద్రాలు పెట్టి మళ్ళీ పెంచారు. కాబట్టి కప్పు మీద కొంగ కనబడింది కదా అని నేల బాగుపడిందనుకోకూడదు. నేల సంగతి నేలనే అడగాలి.

మన అనంతపురం రైతులకి ఇంకో మాట. కోల్మార్ దగ్గర ఏడాదికి పడే వాన 600 మిల్లీమీటర్లు అటూ ఇటూ, దాదాపు అనంతపురం అంతే. కారణం కూడా ఒకటే. మనకి పడమటి కనుమలు, వాళ్ళకి వోజ్ కొండలు వాన మేఘాల్ని అడ్డుకుంటాయి. ఎండ తీవ్రతలో మాత్రం పోలికే లేదు, వాళ్ళది చల్లటి దేశం. అయినా ఆ తోటలు చాలావరకు వాన మీదే బతుకుతాయి. ఆ కొద్ది తడిని గడ్డి తాగేస్తుందా, ఆచ్ఛాదనగా పడి కాపాడుతుందా అన్న వాదన అక్కడా ఉంది. అందుకే కొందరు గడ్డిని కోయకుండా రోలర్‌తో వంచి పడుకోబెడతారు. మన నవధాన్యాల పైరుతో మనమూ చేసి చూడదగ్గ పని.

ఇప్పుడు మన సంగతి. పట్నం కస్టమరు మన బియ్యానికి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి, ఇంటికెళ్ళాక "నిజంగా మందు కొట్టలేదంటావా?" అని భార్యను అడుగుతాడు. ఆ అనుమానం మన కష్టాన్ని తినేస్తోంది. దానికి మనం ఇచ్చే జవాబేంటి? ఒక వీడియో. వీడియోలో మనకి నచ్చిన మూలే చూపిస్తాం. నేనూ అంతే, ఒప్పుకుంటున్నాను. బాట అయితే చేనంతా చూపిస్తుంది, పండిన మడినీ, ఎండిన మడినీ. పీజీఎస్ గుంపుల్లో రైతులు ఒకరి చేను ఒకరు చూసుకుంటున్నారు, మంచిదే. ఆ చూపు తినేవాడికి కూడా దక్కాలి.

"జనం వస్తే తొక్కేస్తారు, కాయలు కోసేస్తారు" అంటారు. నిజమే. అక్కడ కూడా కోతల రోజుల్లో కొన్ని బాటలు మూసేస్తారు. మనమూ నెలకి ఒక ఆదివారం, గట్టు మీద ఒకే దారి, పదిమందికి మించకుండా మొదలుపెడదాం. చెప్పులు విప్పి ఆ మట్టి మీద నిలబడితే సగం అనుమానం అక్కడే పోతుంది.

మీ పిల్లలు జర్మనీలోనో ఫ్రాన్సులోనో ఉంటే, వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ బాట నడిచి రండి. వైన్ తాగకపోయినా పర్లేదు, ఒక్క సాలు దగ్గర వంగి మట్టి చూడండి. తిరిగొచ్చాక మీ గట్టు మీద పదిమంది నడిచే దారి వేయండి. ముందు మీ చేనుకే వస్తాను.