మార్కులేసే పెన్ను ఎవరి చేతిలో?

సినిమావాళ్లకి మైకు దొరికితే చాలు, తమకిష్టమైన సినిమాల జాబితా చదువుతారు. జనం గుర్తించని ఆణిముత్యాలంటూ ఇంకో నాలుగు పేర్లు కలుపుతారు. బడిపంతులుగా నేనడిగేది ఒక్కటే: ఈ మార్కులేసే పెన్ను ఎవరి చేతిలో వుంది?

1938 నాటి 'మాలపిల్ల'ని అందరూ తల్చుకుంటారు. గూడవల్లి రామబ్రహ్మం సాహసాన్ని మనం కాదనం. కానీ అందులో మాలపిల్ల ఎవరు? కాంచనమాల. మాలవాడ పిల్ల కాదు. ఆ వేషం ఆమెకి పేరు తెచ్చింది. అదే మలయాళం తొలి సినిమా 'విగతకుమారన్'లో నాయర్ స్త్రీ వేషం కట్టిన దళిత స్త్రీ పి.కె. రోజీకి దక్కిందేమిటి? రాళ్లదెబ్బలు, ఇంటికి నిప్పు, వూరొదిలి పరుగు. వాళ్లు మన వేషం కడితే కళ. మనం వాళ్ల వేషం కడితే నేరం!

కరుణ కుమార్ తీసిన 'పలాస 1978' చూశారా? శ్రీకాకుళం నేలమీద షావుకార్ల కింద నలిగి తిరగబడ్డ అన్నదమ్ముల కథ. 2020 మార్చి 6న విడుదలయింది. నెల తిరక్కుండానే కరోనాతో హాళ్లు మూతబడ్డాయి. గుర్తింపు దక్కని సినిమా అంటే అదీ! వాళ్ల జాబితాల్లో ఆ పేరు ఎన్నిసార్లు విన్నారు?

మిత్రులారా, వాళ్ల జాబితాలో చోటు అడుక్కోవద్దు. అంబేద్కర్ భవనాల్లో, హాస్టళ్లలో తెరకట్టి మన సినిమాలు మనమే వేసుకుందాం. తప్పొప్పులు మనమే తేల్చుకుందాం. పెన్ను మన దగ్గరా వుంది!