ఉసురుకు కాళ్లొస్తే

అవనిగడ్డ అంటే పెద్దవాళ్లకు 1977 నవంబరు ఉప్పెన గుర్తొస్తుంది. ఇరవైల్లో ఉన్న పిల్లలకు డీఎస్సీ కోచింగ్ గుర్తొస్తుంది. శ్రీకాకుళం నుంచి, కర్నూలు నుంచి వచ్చి మా ఊళ్లో గదులు తీసుకుని చదువుతారు. 2025 వేసవిలో మా మేడ మీద గదిలోనూ నలుగురు అమ్మాయిలుండేవారు. 2018 నోటిఫికేషన్ తర్వాత అప్పటిదాకా రాష్ట్రంలో డీఎస్సీ జరగలేదు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన ఇచ్చి, తర్వాత రద్దు చేశారు. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు మళ్లీ ఇచ్చారు. నలుగురిలో పెద్దమ్మాయి ఆ ఏడేళ్లలో రెండు సంబంధాలు వద్దనుకుంది. చాలీచాలని జీతానికి ఓ ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ ఎదురుచూసింది.

మే నెలలో ఓ రాత్రి కరెంటు పోయింది. చార్జింగ్ లైటు ఇద్దామని పైకెళ్తే నలుగురూ ఒక్క ఫోను చుట్టూ తలలు ఆనించి కూర్చున్నారు. సైకాలజీ గైడుకు ఫోను ఆనించారు. పక్కన మరమరాల పళ్లెం ముట్టుకున్నట్టే లేదు. తెర మీద ఓ ఆడమనిషి చొక్కా చేతులు పైకి లాగింది. మోచేతి దాకా కాల్చిన మచ్చలు.

"ఏంటే ఇది?"

"కొరియా సీరియల్ ఆంటీ. ద గ్లోరీ. పదహారు ఎపిసోడ్లే."

నిమిషం చూసి వెళ్దామనుకున్నాను. మూడు ఎపిసోడ్లు చూసి కిందకొచ్చాను.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బడిలో కలవారి పిల్లలు ఓ పేదపిల్లను జుట్టు వంకీలు తిప్పే వేడి ఇనుముతో కాలుస్తారు. ఆ పిల్ల పోలీసులకు చెప్పుకుంటుంది, ఫలితం ఉండదు. క్లాసు టీచరు పిల్లనే కొడతాడు. కన్నతల్లి డబ్బు పుచ్చుకుని సంతకం పెట్టేస్తుంది. పిల్ల బడి మానేసి మిల్లులో పనికి చేరుతుంది. పని చేసుకుంటూనే పరీక్షలు కడుతుంది, ప్రాథమిక పాఠశాల టీచరవుతుంది. తనను కాల్చినదాని కూతురు చదివే తరగతికే టీచరుగా వెళ్లి నిలబడుతుంది. ఎస్జీటీ పోస్టుకు చదివే పిల్లలు ఈ కథకు అతుక్కుపోవడంలో వింతేముంది?

ఇది గాలిలోంచి పుట్టిన కథ కూడా కాదు. 2006లో చోంగ్జు అనే ఊళ్లో బడిపిల్లను తోటి పిల్లలు సరిగ్గా అలాగే కాల్చారు. సీరియల్ రెండో భాగం ఇంకా రాకముందే, 2023 ఫిబ్రవరిలో, అక్కడి జాతీయ దర్యాప్తు కార్యాలయానికి అధిపతిగా వేసిన మాజీ ప్రాసిక్యూటర్ కొడుకు బడిలో తోటివాణ్ణి వేధించిన సంగతి బయటికొచ్చింది. నియామకం మర్నాడే రద్దయింది. మార్చిలో ఆ సీరియల్ దర్శకుడే తన బడిరోజుల్లో చేసిన వేధింపులకు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. మనకు 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టముంది. ఉండి కూడా, మా పెద్దమ్మాయి ఇంటర్లో ఓ ప్రైవేటు హాస్టల్లో ఉన్నప్పుడు రోజూ రాత్రి ఆమె పక్క మీద బకెట్టుతో నీళ్లు పోసేవారట. వార్డెన్‌కు చెబితే సర్దుకుపొమ్మంది. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని చెప్పలేదు. తడి దుప్పటి మడిచి తల కింద పెట్టుకుని నేల మీద పడుకునేదట. ఈ మాట నాకు మూడో ఎపిసోడ్ అయ్యాక చెప్పింది.

చిన్నప్పుడు తిరునాళ్లలో మా అమ్మమ్మ నన్ను పద్యనాటకానికి తీసుకెళ్లేది. బందరు హైస్కూల్లో పాఠాలు చెప్పిన చెళ్లపిళ్ల వారూ, జంటకవి తిరుపతి శాస్త్రి గారూ రాసిన పాండవోద్యోగ విజయాలు. మగవాళ్లంతా కృష్ణుడి రాయబారం కోసం కాచుక్కూర్చునేవారు. అమ్మమ్మ చాప పరుచుకుని పడుకుంటూ "ద్రౌపది వస్తే లేపవే" అనేది. సంధికి బయల్దేరే కృష్ణుడికి జుట్టు చూపించి ఇది మర్చిపోవద్దని ద్రౌపది చెప్పే ఘట్టమొకటే ఆమెకు కావాలి. పన్నెండేళ్ల అడవి, ఏడాది అజ్ఞాతం. ఆ ఏడాదిలోనూ కీచకుడు నిండు కొలువులో తంతే విరాటరాజు నోరు మెదపలేదు. కొలువు నోరు మూసుకుంది గనకే ఆమె ఆ రాత్రి వంటశాలలో భీముణ్ణి లేపింది. కొరియా కథలో టీచరూ, పోలీసూ, తల్లీ నోళ్లు మూసుకున్నాక జరిగిందీ అదే. అమ్మమ్మ ఉంటే ఆ నలుగురి మధ్యా కూర్చుని చూసేది, అనుమానం లేదు.

కొరియావాళ్లకు 'హన్' అనే మాట ఉంది. తీరని అన్యాయం లోపల గడ్డకట్టి మిగిలిపోయిన దుఃఖం. మనకు ఉసురు ఉంది. మా వీధిలో మొగుడు పోయిన ఒకావిడ పొలం గట్టు పక్కవాళ్లు జరిపేశారు. ఊరి పెద్దలు వాళ్లవైపే మాట్లాడారు. ఆవిడ నడివీధిలో నిలబడి దుమ్మెత్తి పోసి, నా ఉసురు తగులుతుందని ఏడ్చింది. తర్వాత ఆ ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ఊరంతా ఆవిడ ఉసురే అన్నారు. గట్టు మాత్రం వెనక్కి రాలేదు. బలం లేనివాళ్లకు మనం వదిలిపెట్టిన ఆయుధం అదొక్కటే. అది దేవుడి చేతిలోది, ఎప్పుడు తగులుతుందో, తగులుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఇలాంటి కొరియా సీరియళ్లలో ఆ ఉసురుకు కాళ్లొస్తాయి. అది లేచి నడుస్తుంది, పరీక్షలు రాస్తుంది, గోడ మీద ఫొటోలు అంటిస్తుంది, శత్రువు మొగుడు ఆడే ఆట పట్టుబట్టి నేర్చుకుంటుంది. మొగుడి చేత దెబ్బలు తినే ఓ పనిమనిషి కెమెరా పట్టుకుని ఆ టీచరుకు తోడొస్తుంది, డ్రైవింగ్ నేర్చుకుంటుంది, నవ్వుతుంది కూడా. మన సమరసింహారెడ్డి, ఇంద్ర రోజుల పగ మగవాడికి వారసత్వంగా వచ్చేది, సుమోల్లో తిరిగేది. నాకు అందులో చోటెప్పుడూ దొరకలేదు.

పగ కథలు మనుషుల్ని పాడుచేస్తాయనే పెద్దమనుషులతో నేను పూర్తిగా ఒప్పుకోను. ఎలాంటి పగ అన్నది చూడాలి. 2016లో వచ్చిన మరో కొరియా సీరియల్ సిగ్నల్ తీసుకోండి. పాత వాకీటాకీలోంచి గతంలో ఉన్న పోలీసుతో ఇప్పటి పోలీసు మాట్లాడి, మూసేసిన కేసులు తవ్వుతాడు. దాని వెనక ఉన్నది 1986, 1991 మధ్య హ్వాసాంగ్‌లో జరిగిన పది హత్యలు. చచ్చిపోయినవాళ్లందరూ ఆడవాళ్లే. హత్యకేసుకు అప్పుడక్కడ పదిహేనేళ్ల గడువుండేది, 2006లో అది దాటిపోయింది. 2015లో ఆ గడువే తీసేశారు. 2019లో డీఎన్‌ఏతో హంతకుడు దొరికాడు, కానీ ఆ హత్యలకు శిక్షించే వీల్లేదు. పదింటిలో ఒక హత్యకు అమాయకుడొకడు అప్పటికే దాదాపు ఇరవై ఏళ్లు జైల్లో ఉండి వచ్చాడు. 2020 డిసెంబరులో కోర్టు అతణ్ణి నిర్దోషి అంది.

ఆ వార్త చదివినప్పుడు నాకు ఇబ్రహీంపట్నం గుర్తొచ్చింది. 2007 డిసెంబరులో, అప్పటి మన కృష్ణా జిల్లాలోనే, హాస్టల్లో ఓ ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. ఒక యువకుణ్ణి పట్టుకున్నారు, 2010లో శిక్ష పడింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక 2017 మార్చిలో హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా వదిలింది. మరుసటి ఏడాది కేసు సీబీఐకి వెళ్లింది. మన చట్టంలో హత్యకు కాలదోషం లేదు. ఆ విద్యార్థిని తల్లి మాత్రం ఏళ్ల తరబడి పత్రికల ముందుకొచ్చి అడుగుతూనే ఉంది.

2019 డిసెంబరు 6న దిశ హత్యాచార కేసు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పూలు చల్లారు. మా వీధిలో మిఠాయిలు పంచారు, నేనూ ఒకటి తీసుకున్నాను. 2022లో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది: చంపాలనే కాల్చారని తేల్చింది. ఆ మిఠాయి నాకిప్పటికీ గొంతులో అడ్డుపడుతుంది. ద గ్లోరీలో ఆమె ఒక్క ఋజువు కోసం ఏళ్లు ఆగుతుంది. తప్పు మనిషి మీద చెయ్యి పడకూడదన్న జాగ్రత్త ఆ పగలో ఉంది. మేం పూలు చల్లిన పొద్దున అది మాకు లేదు.

పదహారో ఎపిసోడ్ అయ్యాక మిగతా ముగ్గురూ చప్పట్లు కొట్టారు. పెద్దమ్మాయి కొట్టలేదు. "వాళ్లమ్మ చేసినదానికి ఆ పాప తప్పేముందాంటీ? టీచర్ని నమ్ముకుని కూర్చుంది కదా" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ అమ్మాయికి ఎస్జీటీ వచ్చింది. అక్టోబరులో బడిలో చేరి, ఆ సాయంత్రమే ఫోను చేసింది. ఒకటో తరగతిచ్చారట, పద్నాలుగు మంది పిల్లలట. "అడ్మిషన్ రిజిస్టర్లో పిల్లల పేర్ల పక్కన వాళ్లమ్మల పేర్లుంటాయాంటీ. అన్నీ చదివాను" అంది.

"ఆ హాస్టల్ వాళ్ల పేరేదైనా ఉందా?" అన్నాను.

"లేదాంటీ." కాసేపాగి, "ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది" అంది. వెనకాల ఎవరో పిల్ల టీచర్ టీచర్ అని పిలుస్తోంది, బహుశా ఇంటికి తీసుకెళ్లేవాళ్లు ఇంకా రాలేదేమో. "ఉండాంటీ, మళ్లీ చేస్తాను" అని పెట్టేసింది.