ఇంటర్వెల్ కబుర్లు: మా వీధి అండర్‌టేకర్

కుస్తీవీరుల ట్రంప్ కార్డులు గుర్తున్నాయా? ఎత్తు, బరువు, ఛాతీ, కండలు! 1990లలో మా పాలమూరు పిల్లలకు అదే లోకం.

ఎవరికి ఏ కార్డు వస్తే ఆ వారమంతా వాడే ఆ వీరుడు. ఇసుక కుప్పే రింగు, అట్టముక్కే బెల్టు, అమ్మ నల్లచీరే అండర్‌టేకర్ కోటు! గెలుపోటములు ముందే మాట్లాడుకునేవాళ్ళం. అయినా ఓడినవాడికి నిజంగానే ఏడుపొచ్చేది.

1996లో ‘ఖిలాడియోం కా ఖిలాడి’ వచ్చింది. అక్షయ్‌కుమార్ అండర్‌టేకర్‌ని ఓడించాడని మాలో రెండు పార్టీలయ్యాయి. తెరమీద ఉన్నది అసలు మనిషి కాదనీ, బ్రయన్ లీ అనే మరో కుస్తీవీరుడనీ చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు!

మా వీధి అండర్‌టేకర్ మాత్రం ఎవరిచేతా ఓడలేదు. ఓ దసరా వెళ్ళాక అమ్మానాన్నలతో కలిసి బొంబాయి బస్సెక్కాడు, పాలమూరు కూలీల పిల్లలెందరిలాగో. పోతూ పోతూ తన కార్డు నా చేతిలో పెట్టి, “నేనొచ్చేదాకా బెల్టు ఎవ్వరికీ ఇయ్యకురా” అన్నాడు.

వాడు రాలేదు. మా ఆట అక్కడితో ఆగిపోయింది. అట్టబెల్టు ఏ వానకో నానిపోయింది. కార్డు మాత్రం నా దగ్గరే ఉంది. ఒరే, బెల్టు ఇంకా నీదేరా!