దుస్తుల చదువు

“మా అమ్మాయి ఫేషన్ డిజైను చదువుదునని పట్టుబట్టుచున్నది. అది చదువా, సరదాయా?” అని యొక సోదరి మాకు వ్రాసినారు. నాలుగేండ్ల క్రిందట మేమును ఇదే ప్రశ్న అడిగియుంటిమి. మా అక్కగారి అమ్మాయి ఇంటరులో మంచి మార్కులు తెచ్చుకొనియు, ఇంజనీరింగు మాట యెత్తక, దుస్తుల చదువునకు పోదునన్నప్పుడు మా బావగారు రెండు దినములు అన్నము సరిగా తినలేదు. “కుట్టుపనికి నాలుగేండ్ల చదువెందుకు? మన వీధి చివర మిషనుమీద కూర్చున్నాయన యే కళాశాలలో చదివినాడు?” అని ఆయన వాదము. దానికి అప్పుడు మావద్ద జవాబు లేదు. ఇప్పుడు కొంత యున్నది. అమ్మాయి చివరి సంవత్సరమునకు వచ్చినది. సెలవులకు వచ్చినపుడెల్ల మా వసారాలో కూర్చుండి అది చెప్పిన సంగతులతోనే యీ నెల యీ పుట నింపుచున్నాము.

మన దేశమున ఈ విద్య అంత పాతది కాదు. అందఱును ‘నిఫ్ట్’ అని పిలుచు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫేషన్ టెక్నాలజీ 1986లో ఢిల్లీలో పుట్టినది. హైదరాబాదులో దాని శాఖ 1995లో వెలసినది. అచటి ప్రవేశ పరీక్షలో బొమ్మలు గీయించుటయే కాక, కొంత సామగ్రి చేతికిచ్చి దానితో ఒక వస్తువు చేసి చూపుమందురు. మా అమ్మాయి చదువునది మఱొక కళాశాలయైనను పాఠములు చాలవఱకు ఇట్టివే.

మొదటి సంవత్సరమంతయు గుడ్డ ముట్టనీయలేదట. రంగులు కలుపుట, గీతలు గీయుట, అట్టలు కోసి యంటించుట, ఇదే పని. దీపావళికి వచ్చినప్పుడు దాని వ్రేళ్లనిండ జిగురు పొక్కులు కట్టియుండుట చూచి మా అక్కగారు కంట తడి పెట్టుకొనినది. కాసులపేరు కుదువబెట్టి కట్టిన జీతము ఈ అట్టముక్కల కొఱకేనా యని ఆమె బాధ.

రెండవ యేడు అసలు విద్య మొదలైనది. గుడ్డ బల్లపరుపు వస్తువు, దేహము కాదు. బల్లపరుపు దానిని గుండ్రని దానికి అమర్చుటలోనే కష్టమంతయు నున్నది. రవికలో మనము డాట్లని పిలుచు మడతలు అందుకే పుట్టినవి. ఒక డాటును భుజమునుండి చంకకును, చంకనుండి నడుమునకును త్రిప్పవచ్చును. అమరిక మాఱదు గాని రూపు మాఱును. ఈ త్రిప్పుట కాగితముమీద లెక్కగా నేర్పుదురు. పిదప కోరా గుడ్డను బొమ్మకు చుట్టి, గుండుసూదులు గ్రుచ్చి, చేతితో నేర్పుదురు. పడుగు నిలువుగా నుండిన గుడ్డ యెట్లు వ్రేలాడును, పేక నిలువైన నెట్లుండును, ఐమూలగా కత్తిరించిన నెట్లు సాగును అనునవి చేతికి తెలియవలెనే గాని పుస్తకములో చదివిన రావు. మన యాడువారు ‘క్రాసు కటింగు’ రవిక కావలెనని దర్జీతో పోట్లాడునప్పుడు అడుగునది ఈ ఐమూల గుణమునే.

ఈ ఐమూల కత్తిరింపును గొప్ప విద్యగా నెలకొల్పిన యామె పారిసు నగరపు మడెలీన్ వియొనే (1876-1975). పసితనముననే కుట్టుపనికి చేరిన యామె, చిన్న కొయ్యబొమ్మమీద గుడ్డ చుట్టి చూచుకొని కొత్త దుస్తులు కల్పించెడిది. తన పనివారికి భోజనశాలను, వైద్యుని, జీతముతోడి సెలవులను ఏర్పఱచినది. ఇతరులు తన దుస్తులకు నకళ్లు తీయుచుండిరని, ప్రతి దుస్తునకును ముందు వెనుక ఫొటోలు తీయించి, పేరు చీటిపై తన బొటనవ్రేలి ముద్ర వేసెడిది. ఈ వ్రేలిముద్ర మాట చరిత్ర పాఠములో విని వచ్చి అమ్మాయి మాకు చెప్పినపుడు మేము నవ్వితిమి. తరువాత నవ్వు రాలేదు. ఆ సంగతి ముందు చెప్పెదము.

కళాశాలలోని బొమ్మల విషయమొకటి. అవి విదేశపు కొలతలవి. వానికి అమరిన రవిక మా అక్కగారికి భుజములవద్ద జాఱును, చేతులవద్ద బిగియును. “బొమ్మ తప్పా, మేము తప్పా?” అని మా అక్క అడిగినది. నిజమునకు మన దేశమునకంతయు చెల్లు కొలతల పట్టికయే చాలకాలము లేకపోయినది. అందుకని నిఫ్ట్ వారు 25,000 మంది స్త్రీపురుషుల కొలతలను యంత్రములతో తీయు పని తలపెట్టినారు. అందులకు ఎన్నుకొనిన ఆఱు నగరములలో హైదరాబాదు ఒకటి. దుకాణములో కొనిన దుస్తు పట్టనప్పుడు ఒడలు చూచి సిగ్గుపడు సోదరీమణులు ఈ మాట గుర్తుంచుకొందురు గాక.

ఇక పని నేర్చుకొనుటకు బయటికి పంపు సంగతి. మొదట పంపినది పోచంపల్లికి. హైదరాబాదునకు ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరము. అచటి ఇక్కత్తునకు భౌగోళిక గుర్తింపు 2005లో వచ్చినది. అమ్మాయి పదునైదు కొత్త నమూనాలు గీసికొని, చాల సంతోషముగా పోయినది. ఒక ఇంట నేతగాని భార్య ఆసు పోయుచుండెను. ఆసు అనగా అర్ధచంద్రాకారముగా పాతిన మేకులకును నడుమనున్న మేకునకును నడుమ నూలును అటునిటు త్రిప్పుట. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 పర్యాయములు పోయి రావలెను. నాలుగైదు గంటల పని. ఆ పిమ్మట నూలుమీద గుర్తులు పెట్టి, రబ్బరు పట్టీలతో ముడులు కట్టి, రంగులో ముంచి, ముడులు విప్పి, మరల కట్టి, మఱొక రంగు. నేత మొదలుపెట్టు నాటికి నమూనా అంతయు నూలులోనే యున్నది.

అమ్మాయి కాగితము చూచి ఆ యిల్లాలు, “ఈ వంపు గిట్లనే రావాల్నంటే ముడులు ఇంకింత దగ్గర దగ్గర కట్టాలె బిడ్డా. నాలుగొద్దులు ఎక్కువైతయి. ఆ నాలుగొద్దుల కూలి ఎవరిస్తరు?” అని యడిగినదట. కోపము లేదు, వెక్కిరింత లేదు, తెలిసికొనుటకే యడిగినది. అమ్మాయికి నోట మాట రాలేదు. కాగితముమీద అరనిమిషములో గీసిన వంపది! మఱునాడు తానే ఆసువద్ద కూర్చుండి అరగంట చేయి త్రిప్పి, రాత్రి భుజము పట్టి నిదుర పోలేదట. పదునైదు నమూనాలలో పండ్రెండు చింపివేసినది.

ఈ భుజము నొప్పి చూడలేకయే ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు తల్లి లక్ష్మమ్మ కొఱకు 1999లో ఆసు యంత్రము చేసినారు. ఆయన ఆఱవ తరగతితో బడి మానిన వారు. చీర ఆసునకు యంత్రముతో గంటన్నర చాలును. దానికి తల్లిపేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమన్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. అట్లయినను యంత్రము లేని యిండ్లింకను కలవు. 2019-20 చేనేత గణనలో తేలిన 35 లక్షల పైచిలుకు పనివారిలో నూటికి 72 మంది స్త్రీలు. చీర కొనునప్పుడు మనము ‘నేతగాడు’ అని యందుము గాని ఈ లెక్క మనకు తట్టదు.

రెండవ పర్యాయము బెంగుళూరులో ఒక యెగుమతి దుస్తుల కర్మాగారము. అచట ఎవరును చొక్కా కుట్టరు. ఒకరు కాలరే కుట్టుదురు, ఒకరు జేబే కుట్టుదురు, ఒకరు కాజాలే తీయుదురు. ప్రతి పనికిని నిమిషముల లెక్క. నిమిషమునకు నూఱవ భాగము కూడ లెక్కలోనిదే. అమ్మాయి కాలరుమీద ఏడు మడతలు గీయగా మాస్టరు గడియారము చూపి, “ఏడు మడతలు, పదివేల చొక్కాలు; లెక్క వేసుకో తల్లీ” అన్నాడట. గుడ్డను పొరలు పొరలుగా పఱచి కత్తిరించునపుడు ముక్కలను ఎంత దగ్గఱగా ఇమిడ్చిన అంత లాభము. చొక్కాకగు ఖర్చులో సగమునకు పైగా గుడ్డదే గదా. మన అమ్మమ్మలు తానులో లంగా, జాకెట్టు, మిగిలినదానితో సంచి తీసిన తెలివి ఇదే.

సూది సంగతి మాకు మిక్కిలి నచ్చినది. కుట్టుచుండగా సూది విఱిగిన, విఱిగిన తునుకలన్నియు వెదకి అప్పగించిన గాని కొత్త సూది ఇయ్యరు. తునుకలను పుస్తకములో అంటించి తేదీ వ్రాయుదురు. ఒక తునుక దొరకనిచో ఆ చుట్టుపట్ల నున్న దుస్తులన్నియు పట్టి చూతురు. ఎక్కడనో యే బిడ్డయో ఆ చొక్కా తొడిగికొనును గదా!

మూడవది, హైదరాబాదులో పెండ్లి దుస్తులు చేయు ఒక పేరుపడ్డ దుకాణము. దాని పేరు మాకిక్కడ అక్కఱలేదు. జీతము లేదు, “నేర్చుకొనుటకు వచ్చినావు గదా” అన్నారట. మొదటి మూడు వారములు మగ్గము పనివారికి రవికలు మోసికొనిపోవుట, దారములకు రంగు జత చూచుట, వచ్చినవారికి టీ అందించుట. ఆటో కూలి తనదే. రాత్రి తొమ్మిదికి ముందు బయటపడిన దినము లేదు. నాలుగవ వారము బొమ్మలు గీయుమనిరి. నలువది గీసి యిచ్చినది. రెండు నెలలకు వానిలో నొకటి యథాతథముగా ఒక పెండ్లికూతురి లంగాయై ఇన్‌స్టాగ్రాములో వెలసినది. క్రింద దుకాణపు యజమానురాలి పేరు. పని చేసినట్లు ఇచ్చిన పత్రములో మాత్రము ‘సహాయకురాలిగా నుండెను’ అని యొక్క ముక్క.

ఆ రాత్రి అమ్మాయి మాకు ఫోను చేసినది. “పిన్నీ, ఈ చదువు మానేస్తాను” అన్నది. మేమేమంటిమి? “కొత్తలో అందఱికీ ఇట్లే యుండును, ఓర్చుకో తల్లీ. పెద్దవారితో తగవేల?” అంటిమి. మంచిమాట చెప్పితిమనుకొని నిదురపోతిమి. మఱునాడు మాకే సిగ్గు వేసినది. సూది తునుకకు పుస్తకములో చోటున్నది. మా పిల్ల గీసిన బొమ్మకు లేదు. ఓర్చుకొమ్మని చెప్పుట మనకు ఎంత తేలికగా నాలుకపైకి వచ్చును! మాకు మా అత్తగారు చెప్పినదే మేము దానికి చెప్పితిమి.

తరువాత తెలిసినవారిని అడిగి కొన్ని సంగతులు గ్రహించితిమి. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము సాధారణముగా బొమ్మ గీసినవారే దానికి మొదటి హక్కుదారులు. ఉద్యోగములో భాగముగా గీసినచో, వేఱు ఒప్పందము లేనంతవఱకు అది యజమానిదగును. జీతము లేని విద్యార్థిని ఏ కోవలోనిదో కోర్టులో తేల్చుకొనుటకు మా బావగారి సంపాదన చాలదు. కనుక ముందే జాగ్రత్తపడవలెను. చేరుటకు ముందే పని వేళలు, భత్యము, గీసిన బొమ్మల హక్కు ఎవరిదో వ్రాతమూలముగా అడుగుడు. అడిగినందుకు చోటు పోవునేని పోనిండు. ప్రతి బొమ్మపై తేదీ, సంతకము పెట్టి, ఒక నకలు ఇంట నుంచుకొనుడు. కళాశాలలో పని చూపు అధ్యాపకుల చెవిని మొదటి వారముననే వేయుడు. మా అమ్మాయి చివరిలో వేసినది, వారును చివరిలోనే వినిరి.

అది చదువు మానలేదు. ఆ యజమానురాలికి మర్యాదగా ఒక ఉత్తరము వ్రాసినది, జవాబు రాలేదు. ఇప్పుడు చివరి యేటి పనిగా ఆఱు దుస్తులు చేయుచున్నది. నడివయసు స్త్రీలకు, వారి సొంత కొలతలకు. మా కొలతలును తీసినది. నడుము కొలత బిగ్గఱగా చదువవద్దని బ్రతిమాలుకొంటిమి. గుడ్డ పోచంపల్లిదే, ఆ వంపు లేకుండ.

ప్రతి దుస్తులోపలను ఒక చీటి కుట్టుటకు నిశ్చయించినది: ఆసు పోసినవారు, నేసినవారు, కత్తిరించినవారు, కుట్టినవారు, గీసినవారు. చీటి మఱీ పొడుగైనదని అధ్యాపకులు అన్నారట. పేర్లు అడుగుటకు కిందటి నెల పోచంపల్లికి పోగా, ఆ యిల్లాలు వెంటనే తన భర్త పేరు చెప్పినది. “ఆయన పేరు నేసినవారి దగ్గర రాశాను. ఆసు పోసినది మీరు గదా?” అని అమ్మాయి. “నా పేరు దేనికి బిడ్డా? కార్డు గూడ ఆయన పేరు మీదనే ఉన్నది,” అని ఆమె నవ్వి, చేతి పని ఆపక ఒక వరుస పూర్తిచేసి, పిమ్మట చెప్పినది. తన యింటిపేరు కూడ కలిపి, రెండుసార్లు, అమ్మాయి సరిగా వ్రాసినదో లేదో చదివించుకొని మఱీ చెప్పినది.