వరుసలో ఉన్నవారితో మాట్లాడదాం

2021 మే నెలలో మన కృష్ణపట్నంలో కోవిడ్‌కని ఆనందయ్య ఇచ్చే నాటుమందు కోసం వేలమంది బారులు తీరారు. అప్పుడు ఆసుపత్రుల్లో పడకలు లేవు, ఆక్సిజన్ దొరకడం గగనం. ఆ జనాన్ని మూఢులని తీసిపారేసిన వాళ్లున్నారు. అది అన్యాయం. ప్రాణభయంలో ఉన్న మనిషి తనను పలకరించే వాళ్ల దగ్గరికే వెళ్తాడు. నెలాఖరుకు ప్రభుత్వం కంటి చుక్కలు మినహా మిగతా మందులకు అనుమతి ఇచ్చింది. అవి కోవిడ్‌ను తగ్గిస్తాయనడానికి ఆధారం లేదనీ చెప్పింది. ఆ రెండో మాట ఎంతమంది చెవిన పడింది?

కొత్త జబ్బు వచ్చినప్పుడు వైద్యులకైనా మొదట్లో అన్నీ తెలియవు. తెలిసింది చెప్పి, తెలియనిది తెలియదని ఒప్పుకునే గొంతు ఊళ్లోనే ఉండాలి. అది ఆశా కార్యకర్తది కావచ్చు, బడి పంతులుది కావచ్చు, మత్స్యకారులైన పట్టపుకాపుల పెద్దది కావచ్చు.

మన నెల్లూరు జిల్లాకు ఆ పని కొత్త కాదు. దూబగుంట ఆడవాళ్లు డాక్టర్లు కారు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ, సారా తమ ఇళ్లలో కూలి డబ్బును, తిండిని, ఒంటిని ఎలా తినేస్తోందో ఒకరికొకరు చెప్పుకున్నారు. అంగడి మూయించారు. ఊరూరా అదే మాట పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. వాళ్లు చెప్పింది సొంత అనుభవం, అడిగింది ఒకే ఒక్కటి. అందుకే ప్రభుత్వం వినక తప్పలేదు.

మీ ఊరి ఉపకేంద్రంలో ఏ మందులున్నాయో, నర్సు ఏ రోజుల్లో వస్తారో ఈ వారమే కనుక్కోండి. లోటుంటే గ్రామసభలో అర్జీ పెట్టండి. ఏం జరిగిందో మాకు రాయండి, అచ్చువేస్తాం.