పరపతికి పూచీ బిల్లే: మెట్ట వర్తకుల పెట్టుబడి కటకట

ఉదయగిరి, ఆత్మకూరు బజార్లలో సరుకుకు కొరత లేదు, కొనేవారికీ కొరత లేదు. కొరతల్లా రొక్కానికే. కోతలు ముమ్మరమై, ధాన్యం కళ్ళాల మీద వుండి ధర మెత్తబడిన రోజుల్లో కొని కొంతకాలం నిలువ వుంచగల వర్తకుడు నిలదొక్కుకుంటాడు. నిలువ వుంచలేనివాడు కొన్న ధరకు పదో పరకో వేసుకుని అదే రోజు లారీ ఎత్తించి నెల్లూరు మిల్లులకు తోలివేస్తాడు. ఇద్దరికీ వ్యాపార జ్ఞానం ఒకటే. పెట్టుబడి ఎవరికి ఏ వడ్డీకి దొరికినదన్నదే తేడా.

లెక్క చూస్తే సంగతి తేటపడుతుంది. 2025-26 సీజనుకు సాధారణ రకం ధాన్యానికి కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలు రూ. 2,369. నెల్లూరు పుట్టి 850 కిలోలు గనుక పుట్టి రూ. 20,136 అవుతుంది. సులువు కోసం రూ. 20,000గా తీసుకుంటే, నూరు పుట్లు కొనే వర్తకునికి రూ. 20 లక్షలు కావాలి. ప్రోనోటు మీద నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మూడు నెలలు నిలువ వుంచితే వడ్డీ రూ. 1,20,000. అదే మొత్తం బ్యాంకులో సాలుకు నూటికి 11 వంతున దొరికితే వడ్డీ రూ. 55,000. పుట్టి మీద తేడా రూ. 650. పుట్టికి ఆరు వందల యాభై మిగిల్చే బేరం ఏ దళారీ తేగలడు?

మెట్టలో అప్పు బ్యాంకు గుమ్మం నుంచి గాక సరుకు వెంట నడుస్తుంది. నెల్లూరు హోల్‌సేలు వర్తకుడు ఆత్మకూరు కొట్టుకు అరువు పెడతాడు, ఆ కొట్టు పల్లెలోని చిల్లర అంగడికి, అంగడి రైతుకూ కూలికీ. ఎరువుల కొట్టు పంట చేతికి వచ్చేదాకా ఆగి వసూలు చేసుకుంటుంది. ఈ వరుసలో వడ్డీ అనే మాట ఎక్కడా వ్రాయరు, అది ధరలో కలిసి వుంటుంది. వారంలో రొక్కమిస్తే నూటికి ఒకటిన్నర క్యాష్ డిస్కౌంటు, నెల గడువు తీసుకుంటే పూర్తి బిల్లు అన్న షరతును తీసుకోండి. డిస్కౌంటు వదులుకున్న వర్తకుడు 23 రోజుల గడువు కోసం ఆ ఒకటిన్నర చెల్లించినట్లే. సాలు లెక్కన అది నూటికి 24 దాటుతుంది. ప్రోనోటు వడ్డీ కంటె తక్కువేమీ కాదు. కాని ప్రోనోటు మీద సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికే మనిషి బిల్లులో పోయే ఒకటిన్నరను లెక్కలోకే తీసుకోడు.

ఇక దినవసూళ్ళ ఫైనాన్సు సంగతి. రూ. 9,000 చేతికిచ్చి రోజుకు నూరు చొప్పున నూరు రోజులు వసూలు చేస్తే, పదికి ఒకటే గదా అని పైకి అనిపిస్తుంది. అసలు రోజురోజుకీ తీరిపోతూ వుంటుంది గనుక నిజమైన వడ్డీ సాలుకు నూటికి 80 దరిదాపుల్లో పడుతుంది. కూరగాయల బండికి, టీ కొట్టుకు గత్యంతరం లేక అది చెల్లవచ్చు. నూటికి రెండు మూడు రూపాయలు మిగిలే కిరాణా వ్యాపారం దానిని మోయలేదు.

చీటీపాటలను మాత్రం తప్పుపట్టడానికి లేదు. 20 మంది కలిసి నెలకు రూ. 5,000 వేసే లక్ష రూపాయల చీటీని తొలి నెలల్లో రూ. 30,000 తగ్గించి పాడుకునే వర్తకుడు తెలియక పాడుకోవడం లేదు. ఆ రూ. 70,000 అతనికి దస్తావేజులు లేకుండా, కోరిన రోజున దొరుకుతున్నది. ఒకరి నడత మరొకరు ఎరిగి వుండటమే దానికి పూచీ. చీటీ రిజిస్టరైనదా కాదా అన్నది ముందుగా విచారించుకుంటే చాలు.

ఒకప్పుడు బ్యాంకుకు కూడా ఈ ఎరుక కొంత వుండేది. ఏజెంటుగారు సాయంకాలం బజారు వెంట నడిచి వెళితే ఎవరి కొట్టులో సరుకు కదులుతున్నదో కంటితో చూసేవారు. ఆ కాలపు బోర్డులే ఇప్పుడు లేవు. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోను, సిండికేటు బ్యాంకు కెనరా బ్యాంకులోను 2020 ఏప్రిల్ 1న కలిసిపోయినవి. పినాకిని గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రగతిలో చేరినది, ఆ ఆంధ్రప్రగతి 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయినది. పేర్ల మార్పు కంటె పెద్ద మార్పు మరొకటి వున్నది. దరఖాస్తు మీద నిర్ణయం మేనేజరు బల్ల దాటి దూరపు ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ వున్నవారికి వర్తకుని ముఖం తెలియదు, తాతగారి పేరు తెలియదు. వారికి తెలిసేది జీఎస్టీ రిటర్ను, ఖాతాలో జమలు, సిబిల్ మార్కులు. పరపతి అంటే పలుకుబడి అనీ, అప్పు పుట్టే శక్తి అనీ తెలుగులో రెండర్థాలు. మొదటిది బజారులో వున్నా రెండవది బ్యాంకులో దొరకని రోజులివి.

పథకాలకు లోటు లేదు. పూచీకత్తు లేని ఋణాలకు హామీ ఇచ్చే నిధి 2000లో ఏర్పడింది. చిల్లర వర్తకులకు అందులో 2018లో గాని చోటు దొరకలేదు. నిధి హామీ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి రూ. 10 కోట్లకు పెరిగింది. ముద్రా ఋణాలు 2015 నుంచి వున్నాయి, సకాలంలో తీర్చినవారికి 2024లో పరిమితి రూ. 20 లక్షలకు పెంచారు. వర్తకుల విషయంలో ప్రభుత్వం తడబడిన మాట వాస్తవం. చిన్న పరిశ్రమల జాబితా నుంచి 2017లో వర్తకాన్ని తీసివేసి, 2021 జూలై 2న మళ్ళీ చేర్చింది. అదీ ప్రాధాన్యతా రంగపు ఋణాల మేరకే. సరుకు కొన్నవారు 45 రోజుల్లో పైకం చెల్లించాలన్న 2006 చట్టపు రక్షణ తయారీదారులకే గాని వర్తకులకు లేదు. అది తమకూ కావాలని కోరే వర్తకులు తాము బాకీ వున్న బిల్లులు కూడా ఒకసారి తిరగవేయడం మంచిది.

ఇన్ని పథకాలున్నా మెట్ట వర్తకునికి అందేది ఎందుకు తక్కువ? బ్యాంకుల జంకు ఒక కారణం. హామీ నిధి వుండగానే ఇంటి పత్రం, పొలం పాసు పుస్తకం అడిగే అలవాటు ఇంకా పోలేదు. కాని సగం కారణం వర్తకుని గల్లాపెట్టెలోనే వున్నది. ఇది చెప్పుకోవడానికి కష్టంగా వున్నా చెప్పుకోక తప్పదు.

చిన్న సంస్థల వ్యాపార పెట్టుబడికి 1992 నాటి నాయక్ కమిటీ చెప్పిన కొలత ఇప్పటికీ నడుస్తున్నది. ఏడాది అమ్మకాల్లో నాలుగో వంతు పెట్టుబడి కావాలి, అందులో అమ్మకాల మీద నూటికి 20 బ్యాంకు ఇవ్వాలి, మిగిలిన 5 వర్తకుడు పెట్టుకోవాలి. వర్తకులకు కూడా చాలా బ్యాంకులు ఈ కొలతే వాడుతున్నాయి. ఏడాదికి రూ. 60 లక్షలు అమ్మే కిరాణా కొట్టుకు ఈ లెక్కన రూ. 12 లక్షల పరిమితి రావాలి. ఆ వర్తకుడు కాగితం మీద రూ. 25 లక్షలే చూపితే వచ్చేది రూ. 5 లక్షలు. మిగిలిన రూ. 7 లక్షలు బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి రూ. 1,68,000 అవుతుంది. బ్యాంకులో 11 వంతున రూ. 77,000. అమ్మకం దాచినందుకు అతను ఏటా చెల్లిస్తున్న జరిమానా రూ. 91,000.

దాచి మిగుల్చుకున్నది ఎంత? మన రాష్ట్రంలో సరుకుల వ్యాపారికి రూ. 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషను అవసరం లేదు. అది దాటి కాంపోజిషన్ పథకంలో చేరితే పన్ను వర్తించే అమ్మకాల మీద నూటికి ఒక రూపాయి. మొత్తం రూ. 60 లక్షలకూ పన్ను పడినా రూ. 60,000. విడిగా అమ్మే బియ్యం, పప్పులకు పన్నే లేదు గనుక నిజానికి అంతకంటె తక్కువే పడుతుంది. ఆదాయపు పన్ను భయమూ పాతదే. అంచనా పద్ధతిలో అమ్మకాల మీద నూటికి 8 లాభంగా చూపితే రూ. 4,80,000. కొత్త పద్ధతిలో 2025-26 నుంచి మొత్తం ఆదాయం రూ. 12 లక్షలు మించనివారికి పన్ను లేదు. (కమీషను, దళాలీ ఆదాయానికి ఈ అంచనా పద్ధతి వర్తించదు. దళారులు, అడితిదారులు పొరబడరాదు.) అరవై వేలు మిగుల్చుకోవడానికి తొంభై ఒక్క వేలు వదులుకోవడం ఏ చిట్టా ప్రకారం వ్యాపారమో ఆలోచించుకోవాలి.

భయానికి కారణం లేదని కాదు. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమలను లెక్కకట్టి వేల సంఖ్యలో చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బెంగుళూరులో చాలా కొట్లవారు యూపీఐ పలకలు తీసివేసి రొక్కం అడగసాగారు. చివరకు ముఖ్యమంత్రి కలుగజేసుకుని, రిజిస్టరు చేసుకున్నవారి నుంచి పాత బకాయిలు వసూలు చేయబోమని చెప్పవలసి వచ్చింది. వెలుగులోకి వచ్చినవాడిని మొదట పట్టుకుంటారన్న అపనమ్మకం ఆ నోటీసులతో మెట్ట బజార్ల దాకా ప్రాకింది. బిల్లు వ్రాయమని చెప్పే ప్రభుత్వం, కొత్తగా బిల్లు వ్రాసినవారి పాత సంవత్సరాలు త్రవ్వబోమని ముందే చెప్పడం న్యాయం.

కాగితం మీద నడిచే సరుకుకు బ్యాంకు ఎలా తలుపు తీస్తుందో చూడటానికి దూరం పోనక్కరలేదు. డీసీపల్లి, కలిగిరి పొగాకు వేలం కేంద్రాలే సాక్ష్యం. పొగాకు బోర్డు 1976లో ఏర్పడింది, మన రాష్ట్రంలో వేలాలు 1985లో మొదలైనవి. అంతకు ముందు రైతు కొనుగోలుదారు దయ మీద బాకీ వసూలు చేసుకునేవాడు. ఇప్పుడు రైతు పేరు, బ్యారను, బేలు తూకం, పాడిన ధర అన్నీ పుస్తకంలో వుంటాయి. పైకం బ్యాంకు ద్వారా వస్తుంది, ఋణం వాయిదా అందులోనే మినహాయించబడుతుంది. అందువల్ల పొగాకు రైతుకు బ్యాంకు అప్పు పుడుతున్నది. పొగాకులో ఒడుదుడుకులు లేకపోలేదు. ధర పడిపోయిన ఏళ్ళలో రైతుకూ బ్యాంకుకూ ఇద్దరికీ చురుక్కుమన్నది. అయినా మరుసటి ఏడు అప్పు ఆగలేదు, అమ్మకం కళ్ళెదుట జరుగుతున్నది గనుక.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఉదయగిరి చెక్క చెంచాలది. భౌగోళిక గుర్తింపు వున్న సరుకు, దూరాన కూడా పేరున్న సరుకు. చేసేవారు ఇంటి పట్టున పనిచేసే కుటుంబాలు, అందులో ఆడవారు ఎక్కువ. కర్రకు ముందు పైకం కావాలి, చెక్కి నునుపు చేయడానికి రోజులు పట్టాలి, అమ్మిన తరువాత సొమ్ముకు మళ్ళీ ఎదురుచూడాలి. కర్ర ఖర్చుకు కొనుగోలుదారే బయానా ఇస్తే ధర చెప్పే హక్కు కూడా అతనికే పోతుంది. తయారీదారులు గనుక 45 రోజుల చట్టం వీరికి వర్తిస్తుంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడిగే హక్కు వున్నది. కాని ఉద్యమ్ నమోదు లేక, చేతిలో బిల్లు లేక ఆ హక్కును ఎక్కడ చూపుతారు? జీఎస్టీ లేని చిన్నవారి నమోదు కోసం 2023 జనవరిలో ప్రత్యేక ఏర్పాటు వచ్చింది. వడ్రంగం సహా 18 వృత్తులకు సాలుకు 5 శాతం వడ్డీపై తొలి విడత లక్ష, తరువాత రెండు లక్షలు ఇచ్చే విశ్వకర్మ పథకం అదే ఏడాది సెప్టెంబరులో మొదలైంది. చెంచాలు కొనే వర్తకుడు ప్రతి కొనుగోలుకూ ఒక చీటీ వ్రాసి ఇస్తే ఆ కుటుంబానికి పదివేల బయానా కంటె మేలు. తన కొనుగోలు ఖర్చుకూ అదే రుజువు. ఇందులో వర్తకునికి పోయేది కాగితం ఖరీదు మాత్రమే.

ధాన్యానికి మరో దారి వున్నది. రిజిస్టరైన గోదాములో సరుకు వుంచి, ఎలక్ట్రానిక్ రశీదు మీద బ్యాంకు అప్పు తీసుకోవచ్చు. ఈ రశీదులు 2017 నుంచి వున్నాయి. వీటి మీద ఇచ్చే అప్పులకు 2024 డిసెంబరులో కేంద్రం రూ. 1,000 కోట్ల హామీ నిధి పెట్టి వర్తకులను కూడా అందులో చేర్చింది. ఇక్కడ పూచీ ఇల్లు కాదు, పొలం కాదు, సరుకే. ఆత్మకూరు డివిజనులో రిజిస్టరైన గోదాము జాగా ఎంత పెరిగితే చిన్న వర్తకునికి అంత మేలు. అద్దె గోదాముల యజమానులు ఈ రిజిస్ట్రేషను వైపు ఒకసారి చూడవచ్చు.

బ్యాంకులు దిద్దుకోవలసినదీ వున్నది. అమ్మకాల్లో నాలుగో వంతు అన్న కొలత పెట్టుబడి మూడు నెలలకొకసారి తిరుగుతుందన్న ఊహ మీద కట్టినది. నిమ్మకాయల వర్తకుని పైకం వారానికే తిరిగి రావచ్చు. ధాన్యం వర్తకునికి ఏడాది వ్యాపారమంతా కోతల నెలల్లోనే పడుతుంది, మిగతా కాలం పరిమితి ఖాళీగా వుంటుంది. ఇద్దరికీ ఒకే గజంబద్ద పెడితే ఒకరికి మిగులు, ఒకరికి కొరత. సీజనుకు పెరిగి, సీజను తీరగానే తగ్గే పరిమితి మంజూరు చేయడానికి నిబంధనలు అడ్డు రావు, మంజూరు చేసేవారి చొరవ కావాలి. జిల్లా సంప్రదింపుల కమిటీలో పంట ఋణాల అంకెలతో బాటు మెట్ట వర్తకుల సీజను పరిమితులను కూడా విడిగా చర్చకు పెట్టమని ఆత్మకూరు, ఉదయగిరి వర్తక సంఘాలు కోరవచ్చు.

ఆ కోరిక పెట్టే వేళ కూడా ముఖ్యమే. కోతలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడితే దరఖాస్తు సంక్రాంతికి ముందే బ్యాంకు బల్ల మీద వుండాలి. రెండేళ్ళ రిటర్నులు, పన్నెండు నెలల ఖాతా నకలు, ఉద్యమ్ పత్రం జత చేసి వుండాలి. కొన్న ధాన్యం మిల్లుకు చేరి, ఎడగారు నాట్లు పడుతున్న వేళకు మంజూరైన పరిమితి ప్రోనోటు బాకీ తీర్చుకోవడానికే సరిపోతుంది.